ఒకే పాలసీ, రెండు రిటర్నులు: ఆరోగ్య బీమా మినహాయింపు దంపతుల్లో ఎవరికి?

సచిన్ (సూరత్): సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడలోని మరమగ్గాలు, అద్దకం మిల్లులు, ప్రత్యేక ఆర్థిక మండలి యూనిట్లు అనేక రాష్ట్రాల వారికి ఉపాధినిస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి నేత వృత్తిలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. వీరిలో భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇళ్లలో ఆదాయపు పన్ను రిటర్నుల కాలం రాగానే ఒక సందేహం తలెత్తుతుంది. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా పాలసీ ఉన్నప్పుడు ఆ ప్రీమియాన్ని ఎవరి రిటర్నులో చూపాలి?

భారతదేశంలో దంపతులకు ఉమ్మడి రిటర్ను లేదు. చట్టం దృష్టిలో భర్త ఒక పన్ను చెల్లింపుదారు, భార్య మరొకరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80డి ప్రకారం ఆరోగ్య బీమా ప్రీమియంపై మినహాయింపు దాన్ని చెల్లించిన వ్యక్తికే లభిస్తుంది. పాలసీలో ఇద్దరి పేర్లూ ఉన్నంత మాత్రాన ఇద్దరికీ హక్కు రాదు. ఒకే మొత్తాన్ని ఇద్దరూ తమ తమ రిటర్నుల్లో చూపితే వాటిలో ఒకటి తప్పుడు క్లెయిమ్ అవుతుంది.

పరిమితి ఎంత?

తనకు, జీవిత భాగస్వామికి, తనపై ఆధారపడిన పిల్లలకు చెల్లించే ప్రీమియంపై ఏడాదికి గరిష్ఠంగా రూ.25,000 మినహాయింపు ఉంటుంది. దంపతుల్లో ఎవరికైనా 60 ఏళ్లు నిండి ఉంటే ఈ పరిమితి రూ.50,000. తల్లిదండ్రుల బీమాకు చెల్లించే ప్రీమియంపై అదనంగా రూ.25,000, వారు వృద్ధులైతే రూ.50,000 వరకు పొందవచ్చు. ముందస్తు ఆరోగ్య పరీక్షలకు అయిన ఖర్చులో రూ.5,000 వరకు ఈ పరిమితుల్లోనే చూపవచ్చు. పరీక్షల రుసుమును నగదుగా చెల్లించినా అంగీకరిస్తారు. ప్రీమియాన్ని మాత్రం బ్యాంకు, యూపీఐ, కార్డు వంటి మార్గాల్లోనే చెల్లించాలి.

ఉదాహరణకు, 60 ఏళ్ల లోపు దంపతుల కుటుంబ పాలసీకి ఏటా రూ.32,000 ప్రీమియం అవుతుందనుకుందాం. మొత్తం భర్తే చెల్లిస్తే రూ.25,000కు మాత్రమే మినహాయింపు దక్కుతుంది, మిగిలిన రూ.7,000 వృథా అవుతుంది. భార్యకూ పన్ను వర్తించే ఆదాయం ఉండి, ఆమె తన ఖాతా నుంచి రూ.12,000, భర్త తన ఖాతా నుంచి రూ.20,000 చెల్లిస్తే ఎవరి వాటా వారు చూపవచ్చు. అయితే బీమా సంస్థలు సాధారణంగా ప్రీమియం ధ్రువపత్రాన్ని ప్రతిపాదకుని పేరిటే ఇస్తాయి. కాబట్టి చెల్లింపుల ఆధారాలు భద్రపరచుకోవాలి. ఇద్దరూ వేర్వేరు పాలసీలు తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

అత్తమామల ప్రీమియం

సొంత ఊళ్లో ఉన్న పెద్దల వైద్య భారాన్ని వలస కుటుంబాలు మోయడం సహజం. తల్లిదండ్రులు తమపై ఆధారపడి లేకపోయినా వారి ప్రీమియంపై మినహాయింపు లభిస్తుంది. కానీ చట్టంలో తల్లిదండ్రులంటే కన్నవారే, అత్తమామలు కారు. భార్య తల్లిదండ్రుల ప్రీమియాన్ని అల్లుడు చెల్లిస్తే అతనికి మినహాయింపు రాదు. కుమార్తె తన ఆదాయం నుంచి చెల్లిస్తేనే వస్తుంది. భర్త తల్లిదండ్రుల విషయంలో కోడలికీ ఇదే వర్తిస్తుంది. బీమా లేని 60 ఏళ్లు పైబడిన తల్లిదండ్రుల వైద్య ఖర్చులను నగదు రూపంలో కాకుండా చెల్లిస్తే రూ.50,000 పరిమితిలోనే వాటినీ చూపవచ్చు.

ముందుగా పన్ను విధానం

సెక్షన్ 80డి మినహాయింపు పాత పన్ను విధానంలో మాత్రమే ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే సహజంగా వర్తిస్తోంది. పాతది కావాలంటే గడువులోగా కోరుకోవాలి. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో రూ.12 లక్షల వరకు, వేతన జీవులకైతే ప్రామాణిక తగ్గింపుతో కలిపి రూ.12.75 లక్షల వరకు పన్ను ఉండదు. ఈ పరిమితి దంపతుల్లో ఒక్కొక్కరికీ విడిగా వర్తిస్తుంది. అందువల్ల ఎందరికో 80డి లెక్క అవసరమే రాదు.

దంపతుల్లో ఒకరు పాత విధానాన్ని, మరొకరు కొత్త విధానాన్ని ఎంచుకోవచ్చు. గృహరుణ వడ్డీ, ఇంటి అద్దె వంటి కారణాలతో పాత విధానంలో ఉన్నవారు ప్రీమియం చెల్లిస్తేనే ప్రయోజనం. 20 శాతం శ్లాబులో రూ.25,000 మినహాయింపుతో సెస్సు సహా రూ.5,200, 30 శాతం శ్లాబులో రూ.7,800 ఆదా అవుతుంది. మరమగ్గాల యజమానుల వంటి వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానానికి ఫారం 10-ఐఈఏ సమర్పించాలి. వారు ఒక్కసారి మాత్రమే కొత్త విధానానికి తిరిగి రాగలరు. ఆ తర్వాత వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం పాత విధానం లభించదు.

అమెరికాలో తీరు వేరు

అమెరికాలోని బంధువులు చెప్పే ఆరోగ్య పొదుపు ఖాతా నిబంధనలను ఇక్కడ అన్వయించుకోరాదు. అక్కడ దంపతులు ఉమ్మడి రిటర్ను వేయవచ్చు. ఖాతా మాత్రం వ్యక్తిగతమే. ఇద్దరికీ ఖాతాలుంటే ఒకే రిటర్నుకు రెండు 8889 ఫారాలు జతచేయాలి. కుటుంబ బీమా ఉన్నవారికి 2025లో 8,550 డాలర్ల పరిమితిని దంపతులిద్దరూ పంచుకోవాలి. భారత్‌లో ఇలాంటి పన్ను రాయితీ ఖాతా లేదు.

రిటర్నులో నమోదు

షెడ్యూల్ 80డిలో ప్రీమియం మొత్తంతో పాటు బీమా సంస్థ పేరు, పాలసీ సంఖ్యను పేర్కొనాలి. యాజమాన్యం సొంతంగా చెల్లించిన గ్రూపు బీమా ప్రీమియంపై ఉద్యోగికి మినహాయింపు లేదు. వేతనం నుంచి కోత విధించిన వాటాను మాత్రం చూపవచ్చు. రెండు, మూడేళ్ల ప్రీమియాన్ని ఒకేసారి చెల్లిస్తే దాన్ని పాలసీ వర్తించే సంవత్సరాలకు సమానంగా విభజించి చూపాలి.

అధిక రిఫండు ఇప్పిస్తామని కమీషన్‌పై రిటర్నులు వేసే మధ్యవర్తుల పట్ల అప్రమత్తత అవసరం. 2025 జులైలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తప్పుడు మినహాయింపులపై దేశవ్యాప్త తనిఖీలు చేపట్టింది. 80డి క్లెయిమ్‌లూ వాటి పరిధిలో ఉన్నాయి. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులను సవరించి రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిమ్‌లను ఉపసంహరించుకున్నట్లు బోర్డు వెల్లడించింది. ఆదాయాన్ని తప్పుగా చూపినట్లు తేలితే ఎగవేసిన పన్నుపై 200 శాతం వరకు జరిమానా పడుతుంది. రిటర్ను ఎవరు నింపినా బాధ్యత పన్ను చెల్లింపుదారుదే.

పొరపాటు జరిగినట్లు గుర్తిస్తే మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుంచి 48 నెలల్లోగా నవీకరించిన రిటర్ను దాఖలు చేయవచ్చు. జాప్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్ను పడుతుంది కనుక ఎంత త్వరగా సరిదిద్దుకుంటే భారం అంత తక్కువ.