బహ్రేను దీవిలో కూరమడి

తోటపనివారమగు మనము తొలకరి వాన పడినతోడనే పెరటిలో విత్తనములు చల్లుదుము. బహ్రేను దీవికి పనికై పోయిన మనవారు ఆ వాడుకను మార్చుకొనవలెను. అచ్చట ఆషాఢ శ్రావణములు మండుటెండల కాలము. వేడి 40 డిగ్రీలు దాటును. ఏడాదికి కురియు వాన సుమారు 3 అంగుళములే. కావున ఎండ తగ్గు ఆశ్వయుజ కార్తికములే అచ్చట విత్తుకాలము.

పూర్వము అధారి మొదలగు ఊటబుగ్గల నీటితో ఆ దీవిలో ఖర్జూరపు తోటలు పెరిగెను. 20వ శతాబ్దమున బావులెక్కువై నీరు మితిమీరి తోడినందున బుగ్గలెండెను. భూగర్భజలములో ఉప్పు చేరెను. నేడు కొళాయి నీరు చాలవరకు సముద్రజలమునుండి ఉప్పు తీసి చేసినదే. అది వెలగల నీరు.

బసలో చోటు లేదని చింతింపవలదు. పాత డబ్బా అడుగున రంధ్రములు పొడిచి, మట్టిలో మాగిన ఎరువు కలిపి, మెంతులు, కొత్తిమీర, పాలకూర చల్లవలెను. పాలకూర కొంత ఉప్పునకు ఓర్చును; ఉల్లి అంతగా ఓర్వదు. దినదినము పైపైన చిలుకరించినచో నీరు ఆవిరియై ఉప్పు వేళ్లయొద్ద నిలుచును. అడుగునుండి కారునట్లు అప్పుడప్పుడు నిండుగా పోసినచో ఆ ఉప్పు కొట్టుకొనిపోవును. బియ్యము కడిగిన నీటిని పారబోయక మొక్కలకు పోయవలెను.

మెంతికూర నెల దినములలో కోతకు వచ్చును. కూరకై పెట్టు సొమ్ము కొంత ఇంటికి మిగులును. మీ కుమారుడో తమ్ముడో అచ్చట నున్నయెడల, దసరాకు ముందే ఈ మాట తెలియజేయుడి.