బాయ్‌కాట్: ఒక ఇంటిపేరు క్రియ ఎలా అయింది?

సినిమా నచ్చకపోయినా, ఏదైనా కంపెనీ మీద కోపం వచ్చినా ఫోన్ తీసి హ్యాష్‌ట్యాగ్‌తో కొట్టే మాట, బాయ్‌కాట్. ఈ ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. ఇందులో బాయ్, కాట్ అని రెండు మాటలున్నాయా? లేవు. ఇది ఒకాయన ఇంటిపేరు.

చార్లెస్ బాయ్‌కాట్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన మనిషి. 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో లార్డ్ అర్న్ అనే భూస్వామికి ఏజెంట్‌గా ఉండేవాడు. రైతుల దగ్గర కౌలు వసూలు చేయడం ఆయన పని. పంటలు దెబ్బతిన్నాయి, కౌలు తగ్గించండి అని రైతులు అడిగారు. అడిగినంత తగ్గించలేదు సరికదా, భూములు ఖాళీ చేయమని నోటీసులు పంపారు. అప్పుడు ఊరేం చేసిందో తెలుసా? ఆయన మీద చెయ్యి చేసుకోలేదు. పనివాళ్లు పని మానేశారు. దుకాణాలవాళ్లు సరుకులు ఇవ్వలేదు. పలకరించే దిక్కు లేదు. పంట పొలంలోనే ఉండిపోయింది. దాన్ని తీయడానికి అల్‌స్టర్ నుంచి 50 మంది దాకా వచ్చారు, వాళ్లకి కాపలాగా వందలమంది సైనికులు, పోలీసులు! పంట విలువకంటే కాపలా ఖర్చే ఎన్నో రెట్లు. నాకైతే ఈ కథలో భలే నచ్చే లెక్క ఇదే. ఆ డిసెంబర్‌లో ఆయన ఐర్లండ్ వదిలి వెళ్లిపోయాడు. అప్పటికే ఆయన పేరు పేపర్లలో క్రియగా పడుతోంది.

ఇక వాడకం. మనల్ని తికమక పెట్టేది తెలుగు మాటే. ‘ఎన్నికలను బహిష్కరించారు’ అంటాం, ‘పార్టీ నుంచి బహిష్కరించారు’ అనీ అంటాం. మొదటిది బాయ్‌కాట్, రెండోది ఎక్స్‌పెల్. అందుకే ‘హీ వాజ్ బాయ్‌కాటెడ్ ఫ్రమ్ ద పార్టీ’ అనకూడదు. ‘దే బాయ్‌కాటెడ్ ద ఎలక్షన్’ కరెక్ట్, మధ్యలో ఫ్రమ్, టు ఏవీ రావు.

మన ఊళ్లలో వెలివేయడాన్ని కూడా ఇంగ్లీష్ పేపర్లు సోషల్ బాయ్‌కాట్ అనే రాస్తాయి. మాట అదే, కానీ దిశ తిరగబడింది. అక్కడ కౌలు రైతులు భూస్వామి మనిషిని దూరం పెట్టారు. ఇక్కడ భూమి ఉన్నవాళ్లే కూలీలకి పని ఆపేస్తారు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులు ఎదుర్కొన్నది ఇదే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఇతరులు వాళ్లని ఇలా వెలివేయడమే కాదు, వెలివేస్తామని బెదిరించినా నేరమే.