అలాస్కా కుక్కబండ్ల పందెమున వాలంటీర్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిక్కిలి ఉత్తరముననున్నది అలాస్కా. అచ్చట మార్చి మాసారంభమున ఇడిటరాడ్ అను కుక్కబండ్ల పందెము జరుగును. సాధారణముగా ఏంకరేజి నగర ప్రాంతమున బయలుదేరి, బేరింగు సముద్రతీరమందలి నోము పట్టణము చేరవలెను. దారి దాదాపు 1,000 మైళ్లు. చక్రములు లేక మంచుపై జారునట్టి యొక తేలిక బండి, దానికి జంటలుగా పూన్చిన పండ్రెండుకు పైబడిన కుక్కలు, వెనుక నిలుచుండి తోలువాడొకడు. వానిని సారథి యనుటయే యుచితము. అయితే వాని చేత పగ్గము లేదు. ‘జీ’ యనిన కుడికి, ‘హా’ యనిన ఎడమకు, కంఠస్వరముచేతనే కుక్కలు మరలును. గెలిచిన సారథి పేరు పత్రికలలో పడును. నేను నేడు ముచ్చటింపదలచినది వానినిగూర్చి కాదు. ఆ దారిపొడవున జీతము గోరక నిలుచువారినిగూర్చి.

1925 జనవరిలో నోమునందు కంఠసర్పి వ్యాధి పుట్టగా, రైలు తెచ్చిన మందును నెనానానుండి 20 మంది సారథులు ఒకరినుండి యొకరందుకొని 674 మైళ్లు ఐదున్నర దినములలో చేర్చిరి. ఈ పందెము దానికి స్మారకమని పలువురు చెప్పుదురు. 1973లో నోముదాక పందెమును నెలకొల్పిన జో రెడింగ్టన్ ముఖ్యోద్దేశము వేఱు. మంచుపై నడచు యంత్రపుబండ్లు వచ్చి పల్లెలలో కుక్కలను పెంచుట సన్నగిల్లుచుండగా, ఆ విద్యను ఆ పాతదారిని నిలుపవలెనని ఆయన తలంచెను.

దారిలో ఇరువదికి పైగా మజిలీలు గలవు. కొన్ని పల్లెలు, కొన్నిచోట్ల ఒక కుటీరమో డేరాయో తప్ప మఱేమియు లేదు. బండిబాటలు లేనందున కుక్కల యాహారపు సంచులను, పఱపుటకు గడ్డిమోపులను చిన్న విమానములలో ముందుగా చేర్చవలెను. ఆ విమానములను నడపువారును వాలంటీర్లే. మజిలీయందు రాత్రింబవళ్లు ఒకరు కాచియుందురు. దూరమున దీపము కనబడగనే లేచిపోయి, బండి వచ్చిన వేళ వ్రాసికొని, కుక్కలను లెక్కించి, గొడ్డలి, పడకసంచి, కుక్కపాదముల గుడ్డతొడుగులు మొదలగు విధిసామగ్రి కలదో లేదో చూచి, బండి నిలుపు చోటు చూపుదురు. అంతటితో వారి సాయము ముగియును. మేత పెట్టుట, గడ్డి పఱచుట, పాదములు చూచుట సారథియే చేసికొనవలెను. ఇతరులు చేయిచేసికొనుట నియమవిరుద్ధము. నిద్రలేక తూలుచున్న మనుష్యుని యెదుట చేతులు ముడిచి నిలుచుట ఆ చలికంటెను కఠినమైన సేవయని నా యభిప్రాయము.

పశువైద్యులలోను పెక్కుమంది స్వచ్ఛందముగా వచ్చినవారే. గుండె, ఊపిరితిత్తులు, ఆకలి, బరువు పరీక్షించి, మెడమీది తోలును చిటికెడు పట్టి వదలి, అది యెంత త్వరగా సర్దుకొనునో చూచి, దేహమున నీరు తగ్గినదా యని తెలిసికొందురు. ఫలితమును సారథి వెంట కొనిపోవు పుస్తకమున వ్రాయుదురు. ముందటి మజిలీ వైద్యుడు దానిని చదువును. డస్సిన కుక్కను అచ్చటనే దింపవలెను. దానికి బదులు మఱియొకదానిని పూన్చరాదు. కావున దింపుటకు మనసొప్పని సారథి యుండవచ్చును. అప్పుడు వైద్యుని మాటయే ఆ మూగజీవికి దిక్కు. ఇంత కాపుదల యుండియు 2024 పందెమున మూడు కుక్కలు మరణించినవి. ఈ పందెమే కూడదని వాదించువారు పలువురున్నారు. వారి వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. మన యెడ్ల పందెములనుగూర్చియు ఇట్టి ప్రశ్నయే పుట్టినది గదా!

దింపిన కుక్కలను మజిలీలో గొలుసున కట్టి, గడ్డి పఱచి, తిండి పెట్టి, విమానము వచ్చువఱకు వాలంటీర్లు కాతురు. పెక్కేండ్లపాటు, ఏంకరేజి సమీపమున నొక స్త్రీల చెరసాలయందలి ఖైదీలు, తిరిగివచ్చిన ఈ కుక్కలను యజమానుల మనుష్యులు వచ్చి కొనిపోవుదాక సాకిరి.

నోములో ఒక లాంతరును వెలిగించి, చివరి బండి చేరుదాక ఆర్పరు. ఇప్పుడు గెలుచువాడు పదిదినముల ప్రాంతమున చేరుచున్నాడు. 1973లో కడపటివాడు చేరుటకు 32 దినములు పట్టెను. అట్టివాడు వచ్చి, వాని వేళ వ్రాసి, కుక్కలను లెక్కించువఱకు గడియారము చేతబట్టినవారికి సెలవు లేదు.