కాన్సెప్ట్ ఆర్టిస్టు పోర్ట్‌ఫోలియో: స్టూడియో అందులో ఏం వెతుకుతుంది?

సినిమాలోగానీ వీడియోగేమ్‌లోగానీ కనిపించే కోట, వాహనం, రాక్షసుడు, ఆయుధం తయారీకి వెళ్లకముందు అవి ఎలా ఉండాలో గీసి తేల్చే పనే కాన్సెప్ట్ ఆర్ట్. ఈ బొమ్మను ప్రేక్షకుడు చూడకపోవచ్చు. దీన్ని ముందు పెట్టుకుని త్రీడీ మోడలర్ రూపం కట్టాలి, సెట్ వేసే వడ్రంగి కొలతలు తీసుకోవాలి, కాస్ట్యూమ్ విభాగం గుడ్డ ఎంచుకోవాలి. అంతమంది పని ఆ బొమ్మమీద ఆధారపడి ఉంటుంది కాబట్టే ఈ ఉద్యోగానికి డిగ్రీకన్నా ముందు పోర్ట్‌ఫోలియో, అంటే ఎంచి కూర్చిన సొంత బొమ్మల సంపుటి, అడుగుతారు.

అమెరికాలో బోయింగ్ కంపెనీకి సాంకేతిక చిత్రాలు గీసిన రాల్ఫ్ మెక్వారీ, 1975లో జార్జ్ లూకాస్ కోసం ‘స్టార్ వార్స్’ దృశ్యాలు చిత్రించాడు. అప్పటి స్క్రిప్టులో ప్రతినాయకుడు డార్త్ వేడర్ ఒక నౌకనుంచి ఇంకో నౌకలోకి అంతరిక్షంలోంచి దాటి వస్తాడు. గాలి లేనిచోట ఊపిరి ఎలా తీసుకుంటాడని మెక్వారీ ఆలోచించాడు. ఆ ప్రశ్నకు జవాబుగా గీసిందే ముఖాన్ని కప్పేసే ఆ శ్వాస ముసుగు. 1977లో సినిమా విడుదలయ్యాక ఆ పాత్రకు అదే గుర్తయింది. కాన్సెప్ట్ ఆర్ట్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కథలోని ఒక చిక్కును చూసి, దాన్ని రూపంతో విప్పడమే ఈ పని. పోర్ట్‌ఫోలియో కూడా ఆ నేర్పునే చూపించాలి.

తెలుగు సినిమాలో ఈ బాధ్యతను చాలాకాలం కళాదర్శకులే మోశారు. 1957 నాటి ‘మాయాబజార్’ లోకానికి రూపం ఇచ్చింది మా.గోఖలే, కళాధర్. బాపు తన సినిమాల్లోని షాట్లను ముందుగానే బొమ్మలుగా వేసుకునేవారు. 2015లో ‘బాహుబలి’ వచ్చేనాటికి విశ్వనాథ్ సుందరం వంటి కాన్సెప్ట్ ఆర్టిస్టులు దీన్నే వృత్తిగా చేస్తున్నారు.

పోర్ట్‌ఫోలియో మొదలుపెట్టేవారు ముందు తేల్చుకోవలసింది దారి. పాత్రలు, పరిసరాలు, వస్తువులు, వాహనాలు, వింతజీవులు: పెద్ద స్టూడియోల్లో ఒక్కో దానికి వేర్వేరు మనుషులుంటారు. చిన్న స్టూడియోల్లో ఒకరే అన్నీ చేయాల్సి రావచ్చు. అయినా కొత్తవారు ఒకటి, మహా అయితే రెండు రంగాల్లో గట్టిగా కనిపించడం మేలు. అన్నిట్లో కాస్త కాస్త చూపిస్తే ఆర్ట్ డైరెక్టరుకు ఆ మనిషిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో తెలియదు. శైలి కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసే ‘ఛోటా భీమ్’లో గుండ్రటి, తేలికైన ఆకారాలు కనిపిస్తాయి. అదే నగరంలోని మకుట వీఎఫ్ఎక్స్ ‘ఈగ’, ‘బాహుబలి’ వంటి సినిమాలకు నిజమనిపించే దృశ్యాలు చేసింది. ఈ రెండు రకాల చోట్లకూ ఒకే పోర్ట్‌ఫోలియో పంపితే ఏదో ఒకచోట అది పొసగదు.

ఒకదానికొకటి సంబంధంలేని ఇరవై అందమైన బొమ్మలకంటే, ఒకే కథాలోకం చుట్టూ అల్లిన రెండు మూడు ప్రాజెక్టులు ఎక్కువ మాట్లాడతాయి. ఉదాహరణకు, ఒక కొండకోటను శత్రువు ముట్టడించాడనీ, లోపలివాళ్లు కొన్ని నెలలు నిలవాలనీ అనుకుంటే, అక్కడినుంచి ప్రశ్నలు పుడతాయి. నీళ్లు పైకి ఎలా వస్తాయి? ఏనుగులతో తలుపు గుద్దిస్తే ఏం చేస్తారు? కింద ప్రమాదం వస్తే పైన ఎలా తెలుస్తుంది? గోల్కొండకు వెళ్లినవారికి జవాబులు కళ్లెదుటే ఉంటాయి. అక్కడ నీటిని మట్టి గొట్టాలు, చక్రాల సాయంతో అంచెలంచెలుగా కొండపైకి ఎక్కించారు. తలుపులకు ఇనుప ములుకులు దిగ్గొట్టారు. ఏనుగు పరుగెత్తుకొచ్చి ఢీకొట్టడానికి చోటు లేకుండా ద్వారం ముందు అడ్డుగోడ కట్టారు. కింద ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలాహిసార్‌లో వినిపిస్తాయి. ఇలాంటి నిజమైన కారణాలను పట్టుకుని ఊహాకోటను గీస్తే, అది ఎంత వింతగా ఉన్నా నమ్మబుద్ధేస్తుంది. ఇంటర్నెట్‌లో అందరూ గీసే యూరప్ కోటనే మళ్లీ గీయడంకన్నా, తాను నడిచి చూసిన చోటునుంచి గీసినవారి పని వేరుగా కనిపిస్తుంది కూడా.

పూర్తయిన బొమ్మ ఒక్కటే పెడితే సగం పనే చూపించినట్టు. మొదట థంబ్‌నెయిల్స్ అనే చిన్న చిన్న చిత్తు బొమ్మలు, లోపలి వివరాలు లేకుండా నల్లటి ఛాయలుగా వేసిన ఆకారాలు, వాటిలోంచి ఎంచుకున్న మూడు నాలుగు రకాలు, ఎంపికకు ఒక వాక్యంలో కారణం ఉండాలి. తర్వాత పాత్రయితే ముందు, పక్క, వెనక వైపుల నుంచి గీసిన టర్న్‌అరౌండ్. తలుపయితే అది ఎటు తెరుచుకుంటుంది, గడియ ఎక్కడ, ఏది కొయ్య, ఏది ఇనుము అని బాణం గుర్తులతో వివరాలు. పక్కన ఒక మనిషి బొమ్మ నిలబెడితే కొలత తెలుస్తుంది. కొత్తవారి పోర్ట్‌ఫోలియోల్లో తరచూ లోపించేవి ఈ పేజీలే. ఆర్ట్ డైరెక్టరు వెతికేదీ వీటినే, ఎందుకంటే ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఇదే.

ఎన్ని బొమ్మలుండాలంటే, పది పదిహేను చాలు. తప్పు పర్‌స్పెక్టివ్‌తో ఉన్న ఒక్క బొమ్మ పక్కనున్న మంచి పనిమీద కూడా అనుమానం రేపుతుంది, కాబట్టి దాన్ని తీసేయడమే మంచిది. శరీర నిర్మాణం, వెలుగునీడలు, పర్‌స్పెక్టివ్ కుదరనప్పుడు పైపై మెరుగులు ఎన్ని అద్దినా దాగవు. ఫొటోలు, కొన్న త్రీడీ మోడళ్లు వాడటం ఈ వృత్తిలో మామూలే. ఏది తాను చేసింది, ఏది తెచ్చుకున్నది అనేది మాత్రం దాచకూడదు. ఏఐతో పుట్టించిన బొమ్మను సొంతమని పెట్టడం మోసం. ఏఐ బొమ్మలకు వ్యతిరేకంగా 2022 డిసెంబరులో, పోర్ట్‌ఫోలియోలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్ వెబ్‌సైట్‌లోనే కళాకారులు పెద్దఎత్తున నిరసన తెలిపారు.

2014లో మొదలై 2021లో ఎపిక్ గేమ్స్ చేతికి వెళ్లిన ఆ ఆర్ట్‌స్టేషన్‌నే చాలా స్టూడియోలవాళ్లు చూస్తారు. అక్కడ పేజీతోపాటు తేలికగా తెరుచుకునే ఒక పీడీఎఫ్ కూడా ఉంచుకోవాలి. మొదటి బొమ్మ అన్నిటికన్నా గట్టిది కావాలి. ఈమెయిల్, ఉండే ఊరు, ఏ రంగం అన్నవి వెతకకుండా కనపడాలి. ఇంకా విడుదలకాని సినిమా లేదా గేమ్ పనిని రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకూడదు. అలా పెట్టినవారిని నమ్మి ఏ స్టూడియో కూడా తన రహస్యాలు అప్పగించదు.

సాఫ్ట్‌వేర్ కొనలేకపోవడం అడ్డంకి కానక్కర్లేదు. బొమ్మలకు క్రిటా, త్రీడీకి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. పోర్ట్‌ఫోలియో నచ్చితే కొన్ని స్టూడియోలు ఆర్ట్ టెస్ట్ పెడతాయి. దానికి ఎన్ని రోజులు పడుతుంది, డబ్బు ఇస్తారా, బొమ్మ హక్కులు ఎవరివి అని ముందే అడగడంలో మొహమాటపడకూడదు. మొదటిసారి జవాబు రాకపోవడం ఈ రంగంలో సర్వసాధారణం. కొత్త ప్రాజెక్టు ఒకటి పూర్తిచేసి, పాతవాటిలో బలహీనమైనవి తీసేసి, కొన్ని నెలల తర్వాత అదే స్టూడియోకు మళ్లీ పంపవచ్చు.