మీకు తెలుసా? పిల్లలు కొన్న మహారణ్యము

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశమున ప్రైవేటు అభయారణ్యములలో కెల్ల పెద్దదానికి బీజము వేసినవారు సుదూర స్వీడనులోని ఒక పల్లెబడి బాలబాలికలు.

ఉష్ణమండలపు వర్షారణ్యములు గొడ్డలివేటునకు కూలిపోవుచున్నవని 1987లో తరగతిగదిలో విని తల్లడిల్లిన ఆ పసివారు, పాటలు పాడి, నాటకములాడి కూడబెట్టిన సొమ్ముతో మోంటెవెర్డే కొండలలో కొలది హెక్టార్ల అడవిని కొనిపించిరి. ఆ వార్త బడినుండి బడికి ప్రాకి, 44 దేశముల పిల్లలు చేయి కలుపగా, ఆ ‘బాలల శాశ్వత వర్షారణ్యము’ నేడు 22,000 హెక్టార్లకు, అనగా సుమారు 54,000 ఎకరములకు, మించి విస్తరించియున్నది.

అందు అధికభాగమున సందర్శకులకు ప్రవేశము లేదు. అది సముచితమే యని నా తలంపు, ఏలయన పిల్లలు కోరినది విహారస్థలమును గాదు, అడవి అడవిగా మిగులుటను. అయినను బాహో దెల్ టిగ్రే అను చోట కాలిబాటలు కలవు. రాత్రివేళ దారిచూపువాని వెంట నడచినచో, దీపపు వెలుగులో ఆకు నంటిపెట్టుకొనిన చిరుకప్పయు, కొమ్మపై ఉన్నిబంతివలె ముడుచుకొని నిదురించు పిట్టయు కంటబడును. అచ్చట చెల్లించు ప్రవేశ రుసుము అడవి సంరక్షణకే తోడ్పడును.