ఆపరేషన్‌కు ముందు కాఫీ తాగారా?

ఆపరేషన్ అనగానే అందరూ కోతకు భయపడతారు. శ్వాస సంగతి ఎవరికీ తట్టదు. పూర్తి మత్తులో నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోవచ్చు. ఆ దారి తెరిచి ఉంచడం మత్తు డాక్టరు పని.

ఇందుకు రెండు ముఖ్య పద్ధతులున్నాయి. ఒకటి, శ్వాసనాళంలోకి గొట్టం వేయడం. రెండవది, స్వరపేటిక పైన మూతలా అమరే లారింజియల్ మాస్క్. దీనిని 1981లో లండన్‌లో డాక్టర్ ఆర్చీ బ్రెయిన్ రూపొందించారు. చిన్న ఆపరేషన్లకు ఇది అనువైనది. గొట్టం వేయడం కుదరనప్పుడు ప్రాణం కాపాడుతుంది కూడా.

అయితే కడుపులోంచి పైకి వచ్చే పదార్థాన్ని ఇది పూర్తిగా ఆపలేదు. మత్తులో దగ్గు రాదు. తిన్న అన్నం, పుల్లని జఠరరసం ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణాపాయమే. అందుకే భోంచేసి వచ్చినవారికి, పేగు మెలిపడినవారికి, నెలలు నిండిన గర్భిణులకు, పులితేన్పులు తీవ్రంగా ఉన్నవారికి సాధారణంగా గొట్టమే వేస్తారు.

"పిల్లాడు నీరసపడ్డాడు, కాస్త కాఫీయే కదా!" అని చాటుగా పట్టించే తల్లులున్నారు. పాలు కలిస్తే అదీ ఆహారమే. పాలకు, ఇడ్లీ వంటి తేలిక ఆహారానికి 6 గంటలు, నూనె వంటలకు, మాంసానికి 8, తల్లిపాలకు 4, మంచినీళ్ళకు 2 గంటల వ్యవధి ఉండాలి. మీ డాక్టరు వేరే గడువు చెబితే అదే పాటించండి.

పొరపాటున తిన్నా, తాగినా దాచకండి. నిజం చెబితే డాక్టరు ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఆగడానికి వీల్లేకపోతే తగిన పద్ధతి ఎంచుకుంటారు.