లెక్కలలో నడచు కర్మాగారము

తడి యారని గడ్డిని వామి వేయరాదని మన రైతులందఱు నెఱుగుదురు. చేరెడు తడిగడ్డి గట్టుమీద పడియున్నచో నేమియు కాదు. ఆ గడ్డియే వామియైనప్పుడు లోపల వేడి పుట్టి, వెలికి పోవుటకు దారి లేక, దినదినము పెరిగి, యొక్కొక్కప్పుడు తనంతట తానే యంటుకొనును. గడ్డి మారలేదు, రాశి మాత్రమే మారినది. రసాయన కర్మాగారములను కట్టువారికి గల పెద్ద చిక్కు లలో నిది యొకటి. ఇట్టి చిక్కును కంప్యూటరు సాయమున ముందుగనే లెక్కించి తెలిసికొను విధమును మన విద్యార్థులకు వివరింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ప్రయోగశాలలో గాజుపాత్రయందు నిరపాయముగ జరిగిన రసాయనక్రియ పెద్ద ట్యాంకులోను అట్లే జరుగునని నమ్మరాదు. కారణము క్షేత్రగణితములోనే కలదు. 10 సెంటీమీటర్ల భుజము గల ఘనాకారపు పాత్రలో ఒక లీటరు ద్రవము పట్టును. దాని యాఱు ముఖముల వైశాల్యము 600 చదరపు సెంటీమీటర్లు. భుజము ఒక మీటరైనచో 1,000 లీటర్లు పట్టును. కాని లీటరొక్కింటికి వచ్చు గోడ 60 చదరపు సెంటీమీటర్లే. భుజము 10 మీటర్లైనచో 10 లక్షల లీటర్లు పట్టును; అప్పుడు లీటరునకు 6 చదరపు సెంటీమీటర్లే మిగులును. వేడి పుట్టునది ద్రవమంతటను; వెలికి పోవునది గోడల గుండ మాత్రమే. పాత్ర పెరిగినకొలది పుట్టిన వేడికి దారి యిరుకగుచుండును.

మఱి యింత పెద్ద పాత్రను కట్టి, నింపి, పరీక్షించి చూతమన్నచో, తప్పు జరిగినయెడల ప్రాణములే పోవును. కావున ఇంజనీర్లు ముందుగ కాగితముమీద నొక పాత్రను కట్టుదురు. దీనినే గణిత నమూనా యందురు. ఇది యొక జమాఖర్చు చిట్టా వంటిది. పదార్థమునకొక పద్దు, ఉష్ణమునకొక పద్దు ఉండును. లోనికి వచ్చినది, లోపల పుట్టినది జమ, వెలికి పోయినది ఖర్చు, మిగిలినది నిలువ. ఉష్ణపు నిలువ పెరిగినచో పాత్ర వేడెక్కును, తరిగినచో చల్లబడును. ఈ చిట్టాను క్షణక్షణమునకు వ్రాయుచు పోవుటయే అనుకరణము.

ఒక చిన్న యుదాహరణమును తీసికొందము. ఇందలి యంకెలు పాఠము కొఱకు మేము కల్పించినవి. ఒక ట్యాంకులోని ద్రవము 30 డిగ్రీలయొద్ద తనలో పుట్టు వేడిచేత దినమునకు 1 డిగ్రీ పెరుగుననుకొందము. అనేక రసాయనక్రియల వేగము ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపగును. కావున 40 డిగ్రీలయొద్ద దినమునకు 2, 50 యొద్ద 4, 60 యొద్ద 8 డిగ్రీల చొప్పున పెరుగవలెను. ఇక ఖర్చు: పరిసరములకంటె ట్యాంకు ఎన్ని డిగ్రీలు వేడిగ నున్నదో, దానిలో పదియవ వంతు దినమునకు తగ్గుననుకొందము.

పరిసరములు 20 డిగ్రీలుగ నున్నచో, 30 యొద్ద జమ 1, ఖర్చు 1, సరిపోయినది. ట్యాంకు అచ్చటనే నిలుచును. 40 యొద్ద జమ 2, ఖర్చు 2, అచ్చటను సరిపోయినది. కాని యీ రెండవ స్థానము గోడమీది పిల్లివంటిది. ఏ కారణముననైన నుష్ణోగ్రత 40కి లోబడియున్నంతవఱకు ట్యాంకు మరల 30కి దిగివచ్చును. 40 దాటెనా, జమ ఖర్చును మించి యిక తిరిగిరాదు.

ఇప్పుడు చల్లబరచు యంత్రము కొంత మందగించి పరిసరములు 20కి బదులు 25 డిగ్రీలైనవనుకొందము. భేదము 5 డిగ్రీలే. కాని 30 యొద్ద జమ 1, ఖర్చు అర. 40 యొద్ద జమ 2, ఖర్చు ఒకటిన్నర. 50 యొద్ద జమ 4, ఖర్చు రెండున్నర. ఎచ్చటను సరిపోదు! నిలుకడ స్థానమే మాయమైనది. లెక్కను గంట గంటకు నడిపించి చూచినచో, 30 నుండి 40కి చేరుటకు సుమారు 23 దినములు, 40 నుండి 50కి 12 లేక 13 దినములు, 50 నుండి 60కి 4 దినములు, 60 నుండి 70కి ఒకటిన్నర దినము, 70 నుండి 80కి సుమారు 14 గంటలు పట్టును. మూడు వారములు నెమ్మదిగ నున్నదని కాపరి నిశ్చింతగ నుండును. ముప్పు కనబడునప్పటికి వ్యవధి యుండదు.

ఈ జమాఖర్చు సూత్రమును 1928లో రష్యా శాస్త్రజ్ఞుడగు సెమెనోవు ఉష్ణ విస్ఫోటనములకు అన్వయించెను. 1955లో బిలూ, అమండ్‌సన్ అనువారు రసాయనపాత్రల నిలుకడను గూర్చి గణితమార్గమున ప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించిరి. పైలెక్కలో సుమారు వేయి మెట్లు కలవు. చేతితో చేయువానికి చాల దినముల శ్రమ, కంప్యూటరునకు రెప్పపాటు. ఒక్క పాత్రయే గాక, మరుగబెట్టి వేఱుపరచు గోపురములు, వేడిమార్పిడి యంత్రములు, గొట్టములు అన్నియు గల కర్మాగారమంతటిని లెక్కలలో నడుపుటకై 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయందు ఆస్పెను అను కార్యక్రమము నారంభించిరి. నేడు డి.డబ్ల్యు.సిమ్ అను కార్యక్రమము ఉచితముగనే లభించుచున్నది, బొంబాయిలోని ఐ.ఐ.టి. వారు దానిని కళాశాలలలో వ్యాపింపజేయుచున్నారు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారకమునుపు విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమునొద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములోని ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న జనులమీదికి పోయెను. 12 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. స్టైరీను తనంతట తానే గట్టిపడి ప్లాస్టిక్కగు స్వభావము గల ద్రవము. అట్లగునపుడు వేడిని పుట్టించును. ఒక గ్రాము పూర్తిగ మారినచో పుట్టు వేడి సుమారు 670 జౌళ్లు. ఒక గ్రామును ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1.8 జౌళ్లు చాలును. అనగా నూటికొక పాలు మారినంతనే, వేడి వెలికి పోనియెడల, ద్రవము సుమారు 3.7 డిగ్రీలు వేడెక్కును. అందుచేతనే దానిని చల్లగ నుంచి, గట్టిపడుటను నిరోధించు మందును కలుపుచుందురు.

రాష్ట్రప్రభుత్వము నియమించిన సంఘము 2020 జూలైలో తన నివేదికను సమర్పించినది. చల్లబరచు యంత్రమును రేయింబవళ్లు నడుపలేదనియు, నిరోధించు మందు చాలినంత లేదనియు, ట్యాంకు అడుగుభాగముననే ఉష్ణోగ్రతను కొలుచుచుండిరనియు అందు తెలిపిరి. ఈ కడపటి మాటను విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలెను. వేడి ద్రవము తేలికయై పైకి చేరును. అడుగున చల్లగ నున్నంతమాత్రమున పైన చల్లగ నున్నదనుట కాదు.

నమూనాలకును ఇదే ప్రమాదము కలదు. ట్యాంకునంతటికి నొకే యుష్ణోగ్రత యని వ్రాసికొన్న నమూనా, అడుగు అంకెనే నమ్మి, అంతయు క్షేమమని చెప్పును. పొరలుపొరలుగ విభజించి యొక్కొక్క పొరకు వేఱువేఱు చిట్టా వ్రాసిన నమూనాయే పైపొర ముప్పును చూపగలదు. చిట్టాలో వ్రాయని పద్దును కంప్యూటరు తనంతట కనిపెట్టదు. అది వేగముగ లెక్కించును గాని, మనము మఱచినదానిని జ్ఞాపకము చేయదు. అందుచేత నమూనా చెప్పినదానిని కొలతలతో పోల్చి చూచుచు, భేదము కనబడినపుడు నమూనాను సవరింపవలెను.

గోపురము కట్టదలచినవాడు ముందుగ కూర్చుండి లెక్క చూచుకొనవలెనను ఉపమానము మన విద్యార్థులకు పరిచితమే. కర్మాగారమును కట్టువాడు ధనవ్యయమునే గాక, గోడకవతల నిద్రించు పొరుగువాని క్షేమమును గూడ లెక్కలో చేర్చుకొనవలెను. పొరుగువానిని ప్రేమించుట యనునది యొకప్పుడు మంచి మాటలతోను, ఒకప్పుడు అన్నవస్త్రములతోను జరుగును. ఇంజనీరు విషయములో నది తప్పులేని లెక్కతోను, సరియైనచోట నుంచిన యుష్ణమాపకముతోను జరుగును. నేడు వర్గమూలములతో విసుగు చెందుచున్న మా విద్యార్థులలో కొందఱైనను రేపు అట్టి లెక్కలు వ్రాయుదురు గాక. తరగతిలోని తప్పునకు ఒక మార్కు పోవును. అచ్చటి తప్పునకు ఊరే నష్టపడునని తలంచి, యిప్పటినుండియే ప్రతి మెట్టును సరిచూచు నలవాటును చేసికొందురని మా యాశ.